పెట్టెలోని ప్రాణము

ఒక వస్తువును టపాలో పంపుటకును, ఒక ప్రాణిని టపాలో పంపుటకును భేదమేమి యని యడిగినచో చదువరులలో ననేకులు నవ్వుదురు. భేదము స్పష్టమే గదా యందురు. కాని యా భేదమును మాటలలో పెట్టుటకు పూనుకొన్నవానికి పని యంత సులభము కాదని తెలియగలదు. పుస్తకము చినిగిన మఱొక పుస్తకము కొనవచ్చును. గాజుకుప్పె పగిలిన దాని వెల రాబట్టుకొనవచ్చును. ప్రాణి చచ్చినచో? దానికిని వెల యున్నది. దానికి మాఱుగా మఱొకదానిని పంపు వర్తకు లున్నారు. రశీదులో దానికిని ఒక వరుస యున్నది. ఇట్లు లెక్కపుస్తకములో రెండును సమానముగానే కనుపించుచుండగా మన మనస్సునకు మాత్రము ఎక్కడనో ముల్లు గ్రుచ్చుకొన్నట్లుండును. ఆ ముల్లేదో వెదకుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

అమెరికా దేశమున బల్లులను, తొండలను, చిన్న పాములను ఇండ్లలో గాజుపెట్టెలయందు పెంచుకొనువారు లక్షలకొలది కలరు. బల్లి మీద పడినచో తలపై పడెనా, భుజముపై పడెనా యని పంచాంగము విప్పి ఫలము చూచుకొనిన మన తాతముత్తాతలు, దానిని వెల యిచ్చి కొని, పేరు పెట్టి, పుట్టినదినము జరుపు మనుమల సంగతి విన్నచో నమ్ముదురో లేదో! టెక్సాసులోను న్యూజెర్సీలోను కాపురమున్న తెలుగు కుటుంబముల పిల్లలును ఈ సరదాకు దూరము కారు. బల్లిపాటు ఫలములకంటె పిల్లల యీ ప్రీతియే నాకు మేలుగ తోచుచున్నది. భయముతో చూచిన జంతువును ప్రీతితో చూచుట నేర్చుకొనుట గూడ నొక సంస్కారమే. అట్లు పెంచుకొనువానిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఆఫ్గనిస్థానము, పాకిస్థానము, మన దేశపు వాయవ్యభాగముల మెట్టభూములకు చెందిన లెపర్డ్ గెకో. చిరుతపులివలె చుక్కలుగల బల్లి. రెండవది పసిఫిక్ సముద్రములోని న్యూకలడోనియా దీవుల క్రెస్టెడ్ గెకో. కన్నులపై ఱెప్పవెండ్రుకలవంటి అంచు గలది. వీనిని గ్రుడ్లనుండి పెంచి అమ్మువా డొక రాష్ట్రమున నుండును; కొనువాడు వేయిమైళ్ల దూరమున నుండును. నడుమ నున్నది ఒక అట్టపెట్టె.

ప్రాణులను టపాలో పంపుట క్రొత్త సంగతి కాదు. ఆ దేశపు టపాశాఖవారు 1913 జనవరి 1వ తేదీన పార్సిళ్ల పద్ధతి నారంభించిరి. ఏమి పంపవచ్చునో, ఏమి పంపరాదో ఇంకను చక్కగా తేలని యా తొలి దినములలో కొందఱు తలిదండ్రులు తమ బిడ్డలనే పార్సిళ్లుగా పంపిరనిన నేడు కట్టుకథవలె నుండును. 1914 ఫిబ్రవరిలో ఐడహో రాష్ట్రమున ఒక చిన్నపిల్లకు 53 సెంట్ల తపాలాబిళ్లలు అంటించి అవ్వ యింటికి పంపిరి. రైలుబండికంటె టపాఖర్చు తక్కువ! కాని యిందు గమనింపదగిన దొకటి కలదు. ఆ పిల్లను సంచిలో వేయలేదు, ఒంటిగా వదలలేదు. రైలుటపాలో గుమాస్తాగా నున్న బంధువే ఆమె వెంట నుండెను. పేరునకు పార్సిలే గాని, ఆకలియైన అడుగుటకు నోరును, అడిగినది వినుటకు ప్రక్కన నొక మనిషియు నుండిరి. తరువాత మనుష్యులను టపాలో పంపుటను నిషేధించిరి.

1918 మొదలు అప్పుడే గ్రుడ్డు వెలువడిన కోడిపిల్లలను టపాలో పంపుట కనుమతి కలిగినది. గ్రుడ్డులోని పచ్చసొన శేషము పిల్ల కడుపులో నుండి దానిని రెండు మూడు దినములు పోషించును గనుక మేతయు నీరును లేకయే గమ్యము చేరగలదని యుక్తి. చల్లని నెత్తురుగల చిన్న ప్రాణులకును నియమము లేర్పడినవి. బల్లులు, కప్పలు, సాలమాండరులు, తుదకు 20 అంగుళములు మించని మొసలిపిల్లలుగూడ పంపవచ్చును. పాములు, తాబేళ్లు, విషజంతువులు పంపరాదు. పంపదగిన ప్రాణికి షరతు లేమనగా, దారిలో మేత గాని నీరు గాని సంరక్షణ గాని అక్కఱలేనిదై యుండవలెను. అశుభ్రతయు దుర్గంధమును కలిగింపరాదు. అనగా ఎవరికిని తొందర యీయని ప్రాణి కావలెనన్న మాట. ఈ షరతును చదువరులు జ్ఞాపకమం దుంచుకొన ప్రార్థితులు.

ఇప్పుడు బల్లులను పంపువారిలో పెక్కుమంది టపాశాఖనుగాక, రాత్రికి రాత్రి విమానములో చేర్చు కంపెనీల నాశ్రయింతురు. 1973లో మెంఫిస్ నగరము కేంద్రముగా ప్రారంభమైన ఫెడెక్స్ వంటి సంస్థలు ఇందుకు మార్గము చూపినవి. ఫ్లారిడాలో సాయంకాలము బయలుదేరిన పెట్టె నడిరాత్రివేళ లక్షల పెట్టెల నడుమ యంత్రపుపట్టీలమీద దొర్లి, ప్రొద్దెక్కునప్పటికి న్యూజెర్సీ చేరగలదు. ఆ పండ్రెండు పదునాలుగు గంటలు లోపలనున్న ప్రాణిని కాపాడునది పంపినవాడు సాయంకాలము చేసిన కట్టు తప్ప మఱేమియు కాదు. కావున ఆ కట్టు ఎట్టిదో కొంచెము వివరముగ చెప్పుట యనవసరము కాదు.

మొదటి మాట ఆకలిని గూర్చి. మనము ప్రయాణమునకు ముందు బిడ్డకు కడుపునిండ పెట్టి పంపుదుము. ఇచ్చట ధర్మము తలక్రిందు. బల్లికి రెండు మూడు దినములు, పామునకు ఇంచుమించు వారము, ముందుగానే మేత మాన్పవలెను. ఈ జంతువుల శరీరము తన వేడిని తాను పుట్టించుకొనునది కాదు. చుట్టునున్న గాలి చల్లబడిన వాని జీర్ణశక్తియు చల్లబడును. తినిన పురుగు కడుపులోనే క్రుళ్లును, లేదా వాంతియగును. పైగా మలముతో కలిసి రాత్రియెల్ల ఇరుకుగిన్నెలో పడియుండుట యెవరికి హితము? నీరు మాత్రము బయలుదేరువఱకు త్రాగనీయవచ్చును.

పిదప గిన్నె. మూతగల ప్లాస్టిక్ గిన్నెలో ప్రాణి నుంచుదురు. పెద్దగిన్నె యైన దయ యని తోచును గాని కాదు. పెట్టె దొర్లినపుడెల్ల విశాలమైన గిన్నెలో ప్రాణి గోడకు కొట్టుకొనును. ఇటునటు తిరుగగల చోటును, ఆనుకొనుటకు మెత్తని కాగితపు మడతలును చాలును. గాలి రంధ్రములను లోపలినుండి వెలుపలికి పొడువవలెను. ఏలయన, వెలుపలినుండి పొడిచినచో రంధ్రపు అంచులు లోపలివైపున వాడిగా నిలిచి చర్మమును గీయును. ఎంత చిన్న సంగతి! అయినను ఒక మనిషి తనను ఆ గిన్నెలో నున్నవానిగా నూహించుకొన్నగాని ఇది తోచునది కాదు. న్యూకలడోనియా బల్లికి తేమ కావలెను గనుక కాగితమును తడిపి పిండి వేయుదురు. మెట్టభూమి బల్లికి పొడికాగితమే మేలు. ఒక గిన్నెలో నొక్క ప్రాణియే యుండవలెను. భయపడిన క్రెస్టెడ్ గెకో తోకను విడుచును. మన గోడబల్లి తోకవలె నది మరల మొలవదు.

ఇక వేడిమి. ప్రమాదమెల్ల నిచ్చటనే యున్నది. అట్టపెట్టెలోపల ఆఱు ప్రక్కలను థర్మోకోలు పలకలు అమర్చుదురు. చలికాలమున అందులో ఇనుపపొడి నింపిన పొట్ల మొకటి పెట్టుదురు. ఆ పొడి గాలిలోని ప్రాణవాయువుతో కలిసి త్రుప్పు పట్టునపుడు వేడి పుట్టును. 40 గంటలు పనిచేయునవియు, 72 గంటలు పనిచేయునవియు దొరకును. చూడుడు, ప్రాణిని కాపాడు పొట్లమే ప్రాణి పీల్చు గాలిని తానును పీల్చుచున్నది. పెట్టెకు రంధ్రములు చాలనిచో రెండును చల్లారును. పొట్లము గిన్నెను తాకరాదు. మూత క్రింద అంటించి నడుమ కాగితము వేయవలెను. వెచ్చని దినమున, చలి యెక్కడనో యుండునను భయముచేత, పొట్లము వేసినవాడు ప్రాణిని ఉడికించినవాడగును. చలికి మందగించిన బల్లి కోలుకొనవచ్చును గాని, క్రెస్టెడ్ గెకో 28 డిగ్రీలు దాటిన వేడిని చాలసేపు ఓర్చుకొనజాలదు. వేసవిలో 22 డిగ్రీల దగ్గఱ కరుగుచు గడ్డకట్టుచు నుండు పదార్థపు పొట్లములను వాడువారును కలరు. కాని యే పొట్లమును మండుటెండలో తలుపులు మూసి నిలిపిన బండిని గెలువలేదు. అందుచేతనే తెలిసినవారు పెట్టెను ఇంటి కంపించుకొనక, కంపెనీవారి కచేరీలోనే ఉంచుమని వ్రాసి, తాము వెళ్లి తెచ్చుకొందురు. సోమ, మంగళ, బుధవారములలోనే పంపుదురు; ఒకనాడు ఆలస్యమైనను ప్రాణి వారాంతపు సెలవులలో గిడ్డంగి నేలపై పడియుండదు. పంపుచోటి వాతావరణమును, చేరుచోటి వాతావరణమును మాత్రమే కాక నడుమ దిగు నగరపు వాతావరణమును గూడ చూచుకొందురు.

ఇంత శ్రద్ధతో చేయు పనిని చూచినపుడు గౌరవము కలుగకపోదు. అయినను ఈ శ్రద్ధ ఎవరికొఱకు? అమ్మువారిలో ననేకులు "సజీవముగ చేరునని పూచీ" యని ప్రకటింతురు. ప్రాణి చచ్చి చేరినచో కొన్ని గంటలలోపల దాని ఛాయాపటము తీసి పంపవలెను. వెల తిరిగి వచ్చును, లేదా మఱొక బల్లి వచ్చును. వ్యాపారనీతిగా దీనిని తప్పుపట్టుటకు వీలులేదు. పూచీ లేని వర్తకునికంటె పూచీగల వర్తకుడే మేలు, జాగ్రత్తకు ధనభయ మొక కావలి గనుక. కాని యా పూచీపత్రములో ఇచ్చువా డొకడు, పుచ్చుకొనువా డొకడు. నష్టపడినది మాత్రము రెండు పక్షములలో నెందును లేదు.

నాకు తెలిసిన యొక కుటుంబమున ఇట్లు జరిగినది. పెట్టె ఒకనాడు ఆలస్యముగ వచ్చెను. విప్పిచూడగా బల్లి చచ్చియుండెను. అమ్మినవాడు మర్యాదస్థుడు, అడిగినంతనే సొమ్ము పంపెను. దేశమునుండి వచ్చియున్న తాతగారు మనుమరాలిని ఓదార్చుచు, "ఏడవకమ్మా, డబ్బంతా తిరిగి ఇచ్చేశారు" అనెను. ఆ పిల్ల, "ఎవరికిచ్చారు తాతయ్యా, బల్లికా, మనకా?" అని యడిగెను. తాతగారు నలుబదియేండ్లు న్యాయవాదిగా నుండి యెందఱికో నష్టపరిహారములు ఇప్పించినవారు. ఈ ప్రశ్నకు తమయొద్ద జవాబు లేకపోయెనని వారే నాతో చెప్పిరి.

పిల్ల ప్రశ్నలోని న్యాయము స్థూలముగ నిది. నష్టము పొందినవానికే పరిహారము ముట్టవలెను. ముట్టుటకు వీలులేని నష్టమును వెలతో తుడువజాలము. తుడువజాలని నష్టమును కలుగనీయకుండుటయే మిగిలియున్న ధర్మము. బిడ్డ ప్రయాణమునకును బల్లి ప్రయాణమునకును గల భేద మిచ్చటనే నాకు కనుపించుచున్నది. బిడ్డ ఏడ్వగలదు. కుక్క మొఱుగును, కోడిపిల్ల కీచుమనును. పెట్టె మోయువా డొక్కక్షణమైన నిలిచి చూచును. బల్లి చల్లబడుచున్నను, ఉడుకుచున్నను, పెట్టెపై కనుపించు గుర్తొక్కటియు లేదు. చలిలో దాని బాధ నిశ్చలతగా మాఱును. నిశ్చలతను మనము శాంతి యనుకొందుము.

నిశ్చలముగ నున్నది గనుక దానికి లోన నేమియు లేదని వాదించువారు కలరు. కెనడాదేశపు శాస్త్రవేత్త మిషెల్ కబనాక్, సహచరునితో కలిసి, 2000 సంవత్సరమున ఒక జాతి తాబేళ్లపై చేసిన పరిశోధనను ప్రకటించెను. మనిషి చేతితో పట్టుకొన్నపుడు తాబేటి గుండె వేగముగ కొట్టుకొనెను; తరువాత అది వెచ్చని చోటు వెదకికొని తన శరీరపు వేడిని పెంచుకొనెను. వెలుపలికి మాత్రము ఱాయివలెనే కనుపించెను! 2024 ఏప్రిలులో న్యూయార్కు నగరమున పెక్కుమంది శాస్త్రజ్ఞులును తత్త్వజ్ఞులును కలిసి చేసిన ప్రకటనలో, సరీసృపములతో గూడ వెన్నెముకగల ప్రాణులన్నిటికిని అనుభూతి యుండుట నిజముగ సంభావ్యమనియు, ఆ సంభావ్యతను లక్ష్యపెట్టక పోవుట బాధ్యతారాహిత్యమనియు తేల్చిరి. నిశ్చయముగ తెలియువఱకు మనయిష్టము వచ్చినట్లు చేయవచ్చునని కాక, తెలియదు గనుక జాగ్రత్త పడవలెనని దాని తాత్పర్యము. చీకటిగదిలో మనిషి యున్నాడో లేడో తెలియనపుడు ఱాయి విసరువానిని మన మేమందుము?

ఓర్పు గల ప్రాణికి ఓర్పే శత్రువగుటకు చరిత్రలో నొక ఘోరమైన దృష్టాంతము కలదు. పసిఫిక్ సముద్రములోని గలాపగోస్ దీవుల మహాకూర్మములు మేతయు నీరును లేక నెలలతరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాదివఱకును, బ్రదుకగలవని నావికులు కనుగొనిరి. ఉప్పువేయ నక్కఱలేని మాంసము దొరకెను! పదునెనిమిదవ, పందొమ్మిదవ శతాబ్దములలో తిమింగిలములను వేటాడు నావలవారు వానిని వేలకొలది మోసికొనిపోయి, ఓడల అడుగున ఒకదానిపై నొకటి పేర్చి, కావలసినపు డొక్కొక్కదానిని పైకి తీసి కోసికొనిరి. ఇట్లు తరలిపోయినవి లక్షకు పైగా నుండునని అంచనా. ఫ్లోరియానా దీవి తాబేళ్లు పందొమ్మిదవ శతాబ్దపు నడుమకే ఆ దీవిపై అంతరించెను. అవి గొఱ్ఱెలవలె వారములో చచ్చునవై యుండిన వాని నెవరును ఓడలో పేర్చియుండరు. చావకుండుటయే వాని యపరాధము. మేతయు నీరును సంరక్షణయు అక్కఱలేని ప్రాణి పంపదగినది యను టపానియమమును జ్ఞాపక ముంచుకొనుడని పైన వేడుకొన్న దిందులకే. ఆ నియమము చెడ్డది కాదు. కాని "ఇది ఓర్చుకొనగలదు" అను వాక్యము "దీనిని ఓర్పించవచ్చును" అను వాక్యముగ మాఱుటకు పెద్ద వ్యవధి పట్టదు.

చట్టములును ఈ విషయమున తడబడినవే. అమెరికాలో 1966లో పుట్టి 1970లో విస్తరించిన జంతుసంక్షేమ చట్టము వెచ్చని నెత్తురుగల జంతువులకే వర్తించును; కనుక ఎలుకజాతి హామ్‌స్టరునకు గల రక్షణ బల్లికి లేదు. నెత్తురు వేడినిబట్టి దయ! 1900 నాటి లేసీ చట్టమును దాని సవరణలును పెట్టెపై లోపలి వన్యప్రాణి గుర్తు తెలియ వ్రాయవలెనని విధించుచున్నవి. 1975లో నాలుగంగుళములకు తక్కువ డిప్పగల తాబేళ్ల అమ్మకమును నిషేధించిరి గాని, అది పిల్లలకు సాల్మొనెల్లా జబ్బు అంటుచున్నదని చేసినది. మనదేశపు 1960 నాటి క్రూరత్వ నివారణ చట్టము, 1952లో రాజ్యసభకు నియమింపబడిన రుక్మిణీదేవి అరండేల్‌గారి పట్టుదలచేత కలిగినది, ఈ విషయమున విశాలహృదయము గలది. మనుష్యుడు తప్ప తక్కిన ప్రతి ప్రాణియు దాని నిర్వచనములో జంతువే. అనవసరమైన బాధ కలుగునట్లు ప్రాణిని మోసికొనిపోవుట నేరమని అందు స్పష్టముగ నున్నది. అయితే మొదటి నేరమునకు ఆ చట్టము విధించిన జుల్మానా 10 రూపాయలు మొదలు 50 రూపాయలవఱకు! హృదయము విశాలమే గాని చేయి పొట్టి.

మన తెలుగునేల గూడ ఈ కథకు వెలుపల లేదు. రాయలసీమ మెట్టపొదలలో తిరుగు నక్షత్రతాబేళ్లను, డిప్పపై చుక్కలవంటి గీతలు అందముగ నుండుటచేత, దొంగతనముగ పట్టి విదేశములకు తరలించువారు కలరు. కాళ్లు కదల్చకుండ బట్టలోనో మేజోడులోనో చుట్టి, బట్టలపెట్టెలలో కుక్కి విమానమెక్కింతురు. ఎవరికిని తొందర యీయని ప్రాణి గదా! 2019లో అంతర్జాతీయ ఒడంబడిక వీని వ్యాపారమును అత్యంత కఠినమైన పట్టికలో చేర్చెను. 2022లో సవరించిన మన వన్యప్రాణిచట్టము వీనిని మొదటి షెడ్యూలునకు ఎక్కించెను. చట్టబద్ధమైన వ్యాపారమంతయు నిర్మలమనియు అనుకొనరాదు. 2009 డిసెంబరులో టెక్సాసులోని ఆర్లింగ్టన్ పట్టణమున ఒక టోకువర్తకుని గిడ్డంగినుండి 171 విధములకు చెందిన 26,400 పైగా ప్రాణులను అధికారులు స్వాధీనము చేసికొనిరి. నూటికి 80 జబ్బుపడియో, గాయపడియో, చచ్చియో యున్నవి. సరకు మాఱు ఆఱువారములలో నూటికి 72 చచ్చుచుండెనని 2014లో ప్రకటితమైన పరిశోధనలో లెక్కకట్టిరి. వెలలోనే చావును ముందుగ కలుపుకొన్న వ్యాపారమునకు జాగ్రత్త దండుగఖర్చుగ తోచుట వింత కాదు.

"అట్లయిన పంపుటయే మానుడు, పెంచుటయే మానుడు" అని కొందఱు పెద్దలు ఒక్కమాటతో తేల్చివేయుదురు. అడవిలో పట్టిన ప్రాణి విషయమున నేనును వారితో ఏకీభవించుచున్నాను. దానికి ప్రయాణము చెఱకు దారి. కాని గాజుపెట్టెలో గ్రుడ్డునుండి వెలువడిన ప్రాణి సంగతి వేఱు. క్రెస్టెడ్ గెకోను 1866లో శాస్త్రజ్ఞులు వర్ణించిరి. తరువాత చాలకాలము కనబడకపోగా అంతరించినదని తలచిరి. 1994లో మరల దొరకెను. నేడు ఇండ్లలో నున్నవి పెంపకములోనే తరతరములుగ పుట్టినవి. వానికి పోదగిన అడవి లేదు. ఒక గాజుపెట్టెనుండి మఱొక గాజుపెట్టెకు మాఱుటలో, చేరినచోట మేలైన సంరక్షణ యున్నచో, అధర్మ మున్నదని నాకు తోచదు. ఒకనాటి దారి యైనచో మాత్రము కొనువాడే బండి కట్టుకొని వెళ్లి తెచ్చుకొనుట మేలు. ఐడహో పిల్లవెంట బంధువు వెళ్లినట్లు, చలియైన గిన్నెను కోటులోపల పెట్టుకొను మనిషి యొకడు వెంట నుండును. అంత దూరము పోలేనపుడే పెట్టె.

అట్టి పెట్టె కట్టువానిలో నేను చూడగోరు గుణము కట్టుటలోని నేర్పు మాత్రమే కాదు. కట్టిన పెట్టెను పంపక నిలుపగల శక్తి. సొమ్ము ముట్టినది, కొనువాడు ఆత్రపడుచున్నాడు, పిల్ల పుట్టినదినము శనివారము, మెంఫిస్‌లో మంచు కురియుచున్నది. "ఈ వారము పంపను" అని వ్రాయుటకు వర్తకునికి నష్టము కలదు. ఒక్కొక్కపుడు బేరమే పోవును. ప్రాణి తన పక్షమున చెప్పుకొనజాలని మాటను, తనకు నష్టము వచ్చునట్లుగ, అతడు చెప్పవలెను. నేర్పుగల కట్టును చూచి నేను కొంచెము భయపడుట గూడ ఇందుకే. నేర్పు పెరిగిన కొలది "ఏమియు కాదు, చేరును" అను ధైర్యమును పెరుగును. పూచీపత్రము ఆ ధైర్యమునకు తలదిండు. నూటికి తొంబదితొమ్మిది చేరినవను వర్తకునికంటె, ఎండ మెండైన వారములలో దుకాణపు పంపకము మూసియుంచు వర్తకునియొద్దనే నేనైతే కొందును. కొనువారి విధియు నింతే. "ఎప్పుడు పంపుదురు?" అని దినమున కొక జాబు వ్రాయువాడు ప్రాణిని ఎండలోనికి త్రోయుచున్నవాడే. ఆలస్యమైనందుకు కృతజ్ఞతతో ఒక జాబు వ్రాసిన కొనుగోలుదారుడు తాను గూడ కట్టులో నొక పలక యగును.

చేరినపిమ్మట చేయవలసినది కొంచెమే. మసక వెలుతురున్న గదిలో పెట్టెను విప్పవలెను. ప్రాణి కదలకున్నచో చచ్చినదని పాఱవేయరాదు, వెంటనే దీపము క్రింద కాచరాదు. గదివేడిలో మెల్లమెల్లగ వెచ్చబడనీయవలెను. ముందే సిద్ధపఱచిన గాజుపెట్టెలో నీరును, దాగుకొనుటకు చోటును ఉండవలెను. మేత మఱునాడో, ఆ మఱునాడో. ఒక వారమువఱకు చేతిలోనికి తీసికొనరాదు. నీరు మార్చి, వేడి సరిచూచి, చేతులు సబ్బుతో కడుగుకొని ప్రక్కకు తప్పుకొనవలెను. పుట్టినదినము వెళ్లిపోయి వారమైన పిల్లకు ఇంకొక వారము కష్టమే. పైన చెప్పిన కుటుంబమున రెండవ బల్లి అక్టోబరులో వచ్చినదట. ఆ పిల్ల గాజుకు రెండడుగుల దూరమున కుర్చీ వేసికొని కూర్చుండి, అది మొదటి రాత్రి నీటిగిన్నెయొద్దకు వచ్చినంతవఱకు చూచినదని తాతగారు వ్రాసిరి.